రోడ్డే, కానీ మా ఇంటి ముంగటి రోడ్డు

మొన్న వేసవిలో మా బావ వాళ్లు హైదరాబాద్ నుంచి కారులో నల్గొండ వచ్చారు. రామగిరి దగ్గర మా గల్లీలో బండి పెట్టడానికి జాగ వెతుకుతుంటే, రెండిళ్ల అవతల గోడ పక్కన ఖాళీ కనిపించింది. పూర్తిగా ఖాళీ అనడానికి లేదు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, మధ్యలో పీవీసీ పైపు నిలబెట్టి, పైపు కొసకు ఎర్రగుడ్డ కట్టి పెట్టారక్కడ. బావ దిగి, ఆ డబ్బాను పక్కకు జరిపి కారు పెట్టాడు. ఇంజన్ ఆపకముందే ఆ ఇంటి తలుపు తెరుచుకుంది.

"బిడ్డా, బండి జర ముందుకు పెట్టుకో. అది మా జాగ."

"మీ జాగ ఎట్లయితది పెద్దమ్మా, రోడ్డే గదా?"

"రోడ్డే. కానీ మా ఇంటి ముంగటి రోడ్డు."

బావ ఇంకేం మాట్లాడలేదు. కారు తీసుకెళ్లి ఎక్కడో మెయిన్ రోడ్డు మీద పెట్టి, సామాన్లు మోసుకుంటూ నడిచొచ్చాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇదే ముచ్చట. మా ఇంట్లోనే రెండు పార్టీలు అయ్యాయి. "మున్సిపాలిటీ రోడ్డు ఆమెదెట్లయితది?" అని ఒకరు. "వాళ్ల గోడకు ఆనించి పెడితే ఊకుంటరా?" అని ఇంకొకరు. వింటున్నకొద్దీ తెలిసిందేంటంటే, ఇద్దరూ ఒకే విషయం గురించి కొట్లాడుకోవడం లేదు. "మా ఇంటి ముంగటి రోడ్డు" అనే మాటలో నాలుగైదు వేరువేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. అందులో కొన్ని నిజమైన హక్కులు, కొన్ని అలవాట్లు, కొన్ని ఉత్త భ్రమలు.

ముందు అలవాటు సంగతి, ఎందుకంటే పెద్దమ్మ బలమంతా అందులోనే ఉంది. మన దగ్గర ఇల్లు గడప దగ్గర అయిపోదు. వాకిలి ఉంటుంది. తెల్లారి లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేస్తే గానీ ఆ ఇంట్లో పొద్దు మొదలైనట్టు కాదు. ఊరి ఇళ్లలో ఆ వాకిలి సొంత జాగలోనే ఉండేది. పట్నానికొచ్చి వంద గజాల్లో గోడలు రోడ్డు అంచుకు కట్టుకున్నాక వాకిలికి జాగ మిగల్లేదు, అలవాటు మాత్రం మిగిలింది. దాంతో రోడ్డే వాకిలైంది. మున్సిపాలిటీ చీపురు మెయిన్ రోడ్డు దాటి లోపలి గల్లీకి వచ్చేది అంతంతమాత్రం. మోరీ పొంగితే కర్ర పట్టుకుని చెత్త తీసేది ఆ ఇంటి వాళ్లే. ఇరవై ఏళ్లు ఊడ్చిన నేల మీద మనిషికి మమకారం పుట్టడంలో వింతేముంది? అమెరికాలోని బోస్టన్ నగరంలోనూ ఇలాంటిదే ఒక ఆచారం ఉంది. మంచు తుఫాను తర్వాత ఇంటి ముందు మంచును పారతో తీసి కారు పెట్టుకున్నవాళ్లు, బయటికి వెళ్తూ అక్కడ ఒక కుర్చీ వేసి పోతారు. కష్టపడి తీసింది నేను కాబట్టి జాగ నాది అని. అక్కడి నగరపాలక సంస్థ ఆ కష్టాన్ని ఒప్పుకుని, గడువు పెట్టింది: మంచు అత్యవసర పరిస్థితి ముగిశాక 48 గంటలు. ఆ తర్వాత కుర్చీ తీసేస్తారు. మన పెయింటు డబ్బాకు గడువంటూ లేదు.

సరే, మమకారం ఉంది. హక్కు ఉందా? దీనికి లాయరు దగ్గరికి పోనక్కర్లేదు, బీరువాలో ఉన్న రిజిస్ట్రేషన్ కాగితం తీస్తే చాలు. ప్రతి దస్తావేజులో చివరికి చెక్కుబందీ రాస్తారు. ఉత్తరం ఫలానా ప్లాటు, దక్షిణం ఫలానా వారి ఇల్లు, పడమర ఫలానా ప్లాటు, తూర్పు 20 అడుగుల రోడ్డు. ఏ కాగితం చూపించి "ఇది మాది" అంటామో, ఆ కాగితమే "నీది ఇక్కడికి అయిపోయింది, ఆపైన రోడ్డు" అని చెబుతోంది. లేఔట్ పద్ధతిగా వేసి ఉంటే, రోడ్ల జాగను ప్లాట్లు అమ్మకముందే స్థానిక సంస్థకు రాసిచ్చి ఉంటారు. అంటే మనం డబ్బు కట్టింది గజాలకు. రోడ్డుకు కట్టలేదు, రోడ్డు పక్కన ఉండే సౌకర్యానికి కట్టాం.

ఆ సౌకర్యం మాత్రం ఉత్తదేం కాదు, అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వీధిని ఆనుకుని ఇల్లున్న మనిషికి తన జాగలోంచి వీధిలోకి రావడానికి, వీధిలోంచి తన జాగలోకి పోవడానికి హక్కుంది. కోర్టులు ఎప్పటినుంచో ఒప్పుకున్న హక్కు ఇది. గేటుకు అడ్డంగా ఎవరో కారు పెట్టిపోతే మన కడుపు మండడం న్యాయమే. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో, వాటి స్థానంలో వచ్చిన 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో కూడా ఇంటి ప్రవేశ ద్వారానికి అడ్డంగా బండి పెట్టకూడదని ఉంది. కానీ ఆ హక్కు ఉన్నది దారికి, నిలుపుకోవడానికి లేదు. గేటు ఎంత వెడల్పుంటే అంత మేర దారి వదలమని అడగొచ్చు. గేటు పక్కనున్న గోడ ముందు నా కారే ఉండాలి, ఇంకొకరిది ఉండొద్దు అని అడగడానికి ఆధారం ఏ చట్టంలోనూ లేదు. పెద్దమ్మ చెప్పిన జాగలో గేటు లేదు, ఉత్త గోడే ఉంది. బావకు ఆ సంగతి తెలియదు. తెలిసినా తీసేవాడే అనుకోండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ గోడ పక్కన మనకు ఎంత హక్కుందో బయటివాళ్లకూ అంతే, కానీ ఎవరికీ అది శాశ్వతం కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ అని ఒకటుంది. బహిరంగ ప్రదేశంలో పది గంటలు, అంతకు మించి మనిషి లేకుండా వదిలేసిన బండిని తీసేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఉంటుంది. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఎనిమిదికి తీస్తే పదకొండు గంటలు. అక్షరాలా చూస్తే మన గల్లీల్లో పడుకునే కార్లలో సగం ఆ లెక్కలోకి వస్తాయి. ఎవరూ అంత దూరం పోరు, పోవాలని నేననడం లేదు. "సొంత ఇంటి ముందు సొంత కారు" అన్న ధీమా కింద చట్టపరంగా ఎంత పల్చటి నేల ఉందో చూపించడానికి చెబుతున్నాను. మా గల్లీ చివర మూసుకుపోయింది కాబట్టి అది పబ్లిక్ రోడ్డు కాదు అనే వాదన కూడా విన్నాను. అదే చట్టం బహిరంగ ప్రదేశాన్ని నిర్వచిస్తూ, అవతలికి దారి ఉన్నా లేకపోయినా జనానికి వచ్చే హక్కున్న చోటల్లా అందులోకే వస్తుందని చెప్పింది.

ఇక టేపు పట్టి కొలుద్దాం, ఎందుకంటే ఈ గొడవ సగం లెక్కల గొడవ. 75 గజాల ప్లాటు అంటే మన దగ్గర సాధారణంగా 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. మధ్యతరగతి వాళ్లు ఎక్కువగా కొనే స్విఫ్ట్ లాంటి కారు పొడవు పన్నెండున్నర అడుగుల పైనే, తిప్పుకోవడానికి ముందూ వెనకా అడుగో అడుగున్నరో కావాలి. అంటే ఆ ఇంటి ముఖం మొత్తం కారుకే సరిపోయింది. గేటు ఎక్కడ? సొంత కారే సొంత గేటును మూసేస్తుంది. అందుకే ఆ ఇంటాయన కారును ఎదురింటి గోడకు పెడతాడు. ఎదురింటాయన కుండీ పెడతాడు. మన గల్లీల్లో ఇంటికో కారు జాగ దొరకనిది మనుషులకు పంచుకోవడం రాక కాదు, అది అసలు లేనే లేదు.

అడ్డం లెక్క ఇంకా ఇబ్బంది పెడుతుంది. 20 అడుగుల రోడ్డు అనుకోండి. ఇంటి మట్టం ఎత్తు పెంచి కట్టుకున్నాం కాబట్టి మోరీ మీదుగా రోడ్డులోకి రెండు వైపులా మూడేసి అడుగుల ర్యాంపులు దిగుతాయి. మిగిలింది 14. ఒక వైపు ఒకే ఒక్క కారు పెడితే, అద్దాలతో సందుతో కలిపి ఆరున్నర పోయాయి. మిగిలింది ఏడున్నర. మోటారు వాహనాల నియమాల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఫైరింజన్, స్కూలు బస్సు ఇంచుమించు ఆ దాపులోనే ఉంటాయి. చెత్త ఆటో వస్తుంది, 108 వాళ్లు అద్దాలు మడిచి ఎలాగో దూరుస్తారు. ఫైరింజన్ మాత్రం గల్లీ మొదట్లోనే ఆగి పైపు లాగాల్సిందే. ఇంత నష్టానికి గొడవపడే రెండు కార్లు అక్కర్లేదు, గొడవ లేని ఒక్క కారు చాలు.

మరి కారు ఇంటి లోపల ఎందుకు పెట్టుకోరు? కారు నిలవడానికి, తలుపు తీయడానికి కలిపి దాదాపు పదిహేను గజాలు కావాలి. 75 గజాల ప్లాటులో అది ఐదో వంతు. గజం ఇరవై వేలు అనుకున్నా మూడు లక్షల జాగ. ఆ జాగలో ఒక షటర్ వేస్తే నెలనెలా కిరాయి వస్తుంది. ఒక గది వేస్తే కొడుకు పెళ్లయ్యాక పనికొస్తుంది. కారును గోడ అవతల పెడితే పైసా ఖర్చు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం 2020లో వచ్చాక 75 గజాల లోపు ప్లాటులో ఒక అంతస్తు దాకా కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. పేదవాడికి అది మేలే. అయితే ఆ ఇంటికి పదేళ్ల తర్వాత కారు వస్తే ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న కూడా ఆ రూపాయితోనే రోడ్డు మీదికి వచ్చేసింది. అపార్ట్‌మెంట్లకైతే ఈ సాకు లేదు. కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే స్టిల్టు ఉండేదే బండ్లకు. మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు, స్టిల్టు పార్కింగు అందరి ఉమ్మడి జాగ అని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని చెప్పింది. మన దగ్గర స్టిల్టులో జిరాక్సు షాపు, వాచ్‌మన్ గది, జనరేటరు, పాత సోఫాలు ఉంటాయి. కార్లు బయట వరసగా ఉంటాయి.

జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టముంది: కారు పెట్టుకోవడానికి జాగ ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకుంటేనే కారు రిజిస్ట్రేషన్ అవుతుంది. జాగ ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆ మాట మా గల్లీలో చెబితే "అయితే మనం కార్లు కొనొద్దంటవా?" అని అడిగారు. వాళ్ల బాధ నాకూ తెలుసు. కారంటే ఇక్కడ షోకు కాదు, ఆరేళ్ల ఈఎంఐ. కిటికీలోంచి కనిపించేట్టు ఉంటే కుక్కలు కారు కవరు చింపకుండా, కోతులు వైపర్లు పీక్కుపోకుండా చూసుకోవచ్చు. దూరంగా ఎక్కడో పెట్టి వస్తే రాత్రంతా టెన్షనే.

ఆక్రమణ కూడా ఒక్క రోజులో రాదు, అంచెలంచెలుగా వస్తుంది. మొదట రాయి, పాత టైరు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. తర్వాత పూలకుండీలు, ఎందుకంటే కుండీని తీసేయమనడానికి ఎవరికీ నోరు రాదు. హరితహారం మొక్క చుట్టూ ఉన్న జాలీని సరిగ్గా కారు మూలకు వచ్చేట్టు నాటినవాళ్లనూ చూశాను, ఆ తెలివికి దండం పెట్టాలి. ఆపైన రెండు కడీలు పాతి గొలుసు. గేటుకు బోర్డు: "ఇచ్చట వాహనములు నిలుపరాదు. నిలిపిన గాలి తీయబడును." ఇంత గ్రాంథికం మన ఊళ్లలో ఇంకెక్కడా మిగల్లేదు. ఈ బోర్డుకు చట్టంలో విలువేం లేదు. నో పార్కింగ్ అని ప్రకటించాల్సింది ప్రభుత్వం, దాని యంత్రాంగం. గాలి తీస్తే మాత్రం తీసినవాడికే తంటా. ఒకరి వస్తువు పనికిరాకుండా చేయడం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కిందికి రావచ్చు. అడ్డంగా బండి పెట్టినవాడు బయటపడి, గాలి తీసినవాడు స్టేషన్లో కూర్చున్న ముచ్చట ప్రతి కాలనీలో ఒకటుంటుంది.

చివరి మెట్టు రేకుల షెడ్డు. నాలుగు ఇనుప పైపులు, పైన రేకులు, కింద టైల్స్. ఇక్కడ సంగతి పార్కింగును దాటిపోయింది. "పన్నెండేళ్లు మన చేతిలో ఉంటే మనదైపోతది" అని టీకొట్టు దగ్గర ధైర్యం చెప్పే పెద్దలుంటారు. 1963 లిమిటేషన్ చట్టంలో ఆ పన్నెండేళ్లు ప్రైవేటు జాగలకు. స్థానిక సంస్థ తన వీధి జాగను తిరిగి తీసుకోవడానికి అదే చట్టంలో 111వ ఆర్టికల్ ముప్పై ఏళ్ల గడువు ఇచ్చింది. రోజూ వచ్చిపోయే కారు నిలపడాన్ని స్వాధీనం అనడం ఎలాగూ కుదరదు. వీధి మీద పెత్తనం మున్సిపాలిటీకి కూడా పూర్తిగా లేదు మరి. ఉత్తరాదిలో మంగళౌర్ అనే పట్టణంలో మున్సిపల్ బోర్డు రోడ్డు పక్కన గాంధీ విగ్రహం, చలివేంద్రం, గ్రంథాలయం కట్టబోతే, 1960ల్లో సుప్రీంకోర్టు వద్దంది. దారిని దారిగా వాడుకోవడానికి, కాపాడుకోవడానికి అవసరమైనవి తప్ప వేరే కట్టడాలు మున్సిపాలిటీ కూడా కట్టకూడదని దాని తాత్పర్యం. గాంధీగారికే దొరకని జాగ అది.

ఇదంతా చదివి మన గల్లీలు కట్టుబాటు లేనివని అనుకోవద్దు. కట్టుబాటు ఉంది, కాగితం మీద లేదంతే. ఎవరింట్లోనైనా పెళ్లయితే రోడ్డుకు అడ్డంగా టెంటు వేస్తారు. చావైతే చెప్పకుండానే అందరూ బండ్లు తీసేస్తారు. వినాయకుడు కూర్చుంటే తొమ్మిది రోజులు చుట్టూ తిరిగి పోతాం. అవి కూడా అడ్డంకులే, చట్టం దృష్టిలో అనుమతి కావాల్సినవే. కానీ వాటిలో అడగడం ఉంది, ఒకరి వంతు తర్వాత ఇంకొకరి వంతు ఉంది, పదో రోజు తీసేయడం ఉంది. కారు ఆ పద్ధతిలోకి ఒదగలేదు. అది రోజూ వస్తుంది, ఎవరినీ అడగదు, వంతు ఇవ్వదు.

ఈ లెక్కలో అస్సలు కనిపించని మనుషులు కొందరున్నారు. కిరాయికుండేవాళ్లు. "బైకు లోపల పెట్టుకోండ్రి, కారు మాత్రం బయట ఏడనన్న చూస్కోండ్రి" అని ఇల్లు చూపించినప్పుడే చెప్పేస్తారు. రోడ్డు మీద కూడా ఓనర్లకే వాటా అన్నమాట. ఇంకొకరు తోపుడు బండి మీద కూరగాయలమ్మే అక్క. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆమె రోడ్డు పక్కన నిలబడి అమ్ముకోవాలంటే సర్వేలో పేరుండాలి, పట్టణ వెండింగ్ కమిటీ నుంచి సర్టిఫికెట్ ఉండాలి. ఆమె బండికి రెండు చదరపు మీటర్లు చాలు. ఆరేడు చదరపు మీటర్ల కారు అదే రోడ్డు పక్కన ఏడాదంతా నిలబడటానికి ఏ సర్టిఫికెట్టూ అడగం. అయినా "రోడ్డుకు అడ్డం" అని కసిరేది ఎవరిని? ప్రకాశం బజార్‌లో ఒక గంట నిలబడి చూడండి.

మరి చేయగలిగిందేంటి? గేటుకు బండి అడ్డం ఉంటే 112కు ఫోన్ చేయొచ్చు, అది పోలీసుల పని. షెడ్డు, గొలుసు, కడీల్లాంటివైతే మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగం పని. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కాగితం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పబ్లిక్ దారికి అడ్డం పెడితే న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద ఐదు వేల దాకా జరిమానా ఉంది, పాత ఐపీసీలో అది రెండొందలే. దారిలో అడ్డంకి తీసేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించే వీలూ ఉంది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్. కాగితం మీద ఇన్ని ఉన్నా పొరుగింటి మీద ఫిర్యాదు ఎవరు చేస్తారు? రేపు పొద్దున మోరీ దగ్గర మళ్లీ మొహం చూసుకోవాలి.

నాకు తోచిన దారి ఒకటే. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్, స్థానిక సంస్థను సంప్రదించి బండ్లు నిలిపే చోట్లు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వాళ్లకు ఇచ్చింది. మెయిన్ రోడ్లకు తప్ప దాన్ని లోపలి గల్లీల దాకా తెచ్చి గీతలు గీసిన చోటు నేనైతే చూడలేదు. పాలమూరు మెట్టుగడ్డ వైపు మా మేనమామ వాళ్ల గల్లీలో జనమే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక నెల ఎడమ వైపు, ఒక నెల కుడి వైపు. ఒకటో తారీఖు పొద్దున అందరి కార్లూ అటు నుంచి ఇటు మారతాయి. మొదటి నెల ఇద్దరు మారలేదట, మూడో నెలకు మారారట. ఆ ఇద్దరి గోడల ముందు ఇప్పుడు ఎవరి కారైనా ఉంటుంది, వాళ్ల కారు ఎవరి గోడ ముందైనా ఉంటుంది. మంచి పద్ధతి. కిరాయిదారులకూ చోటు దొరికింది.

ఇది మా గల్లీలో చెబుదామని బయల్దేరేముందు, ఎందుకైనా మంచిదని మన ఇంటి సంగతేంటో చూసుకుందామనిపించింది. దస్తావేజు తీశాను. తూర్పు 20 అడుగుల రోడ్డు. టేపు పట్టుకుని బయటికొచ్చి మోరీ అంచు నుంచి మా ర్యాంపు కొస దాకా కొలిచాను. రెండడుగుల తొమ్మిది అంగుళాలు, రోడ్డు మీదికి. అరుగు మీద కూర్చున్న నాన్న చూస్తూనే ఉన్నాడు.

"నాన్నా, మనం కూడా రోడ్డు మీదికి వచ్చినం."

"రోడ్డెక్కడిదిరా, అది ర్యాంపు గదా?" అన్నాడు.